ప్రసన్న గాజుల సైజు

మా చెల్లెలు ప్రసన్నలక్ష్మి గాజుల సైజు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గాజులు చేస్తుంటాను, ఏటా దానికో జత నేనే ఇస్తాను. థైరాయిడ్ తక్కువుందని తేలిన ఏడాది ఒళ్ళు వచ్చేసి, రెండు పది సైజు కూడా సబ్బు రాస్తే గానీ ఎక్కేది కాదు. అప్పటినుంచీ పరగడుపున మాత్ర వేసుకుంటోంది. ఒళ్ళు కాస్త తగ్గాక చిన్న సైజు జత ఇచ్చి, ఆ పాతవి నా దగ్గరే ఉంచాను.

దసరాకి గిలకలదిండిలో వాళ్ళింటికి వెళ్ళేసరికి శాంతి చేయిస్తున్నారు. చేపలు కడుగుతుంటే ప్రసన్న గాజు జారి నీళ్ళలో పడిందట. ముత్తైదువ గాజు దానంతటది జారితే మొగుడికి గండమని దాని అత్త ఒకటే గోల. మా మరిది దుర్గారావుని సముద్రం మీద చేపల వేటకి పంపడం మానేశారు. గుండె పరీక్ష చేయించారు, దిష్టి తీశారు, మెడలో తాయెత్తు కట్టారు. గుండ్రాయిలాంటి మనిషి సిగ్గుపడుతూ మూల కూర్చున్నాడు. గాజు జారిన చేతిని మాత్రం ఒక్కరూ చూడలేదు. మిగతా గాజులకి దారం చుట్టి బిగించి ఊరుకున్నారు.

నేను చూశాను. మణికట్టు ఎముక పైకి తేలింది, జాకెట్టు వేలాడుతోంది.

"ఏమే, తిండి తింటున్నావా?"

"రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందక్కా. మాత్ర బాగా పనిచేసి సన్నబడ్డానంటున్నారు అందరూ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ కళ్ళేమైనా పోయాయా? గండం మొగుడికి కాదు, దీనికి!" అని అత్త ముందే అరిచేశాను. మర్నాడే నేనూ, దుర్గారావూ దాన్ని బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

"మాత్ర డోసు ఎక్కువైనా చిక్కిపోతారమ్మా. ముందు అది చూద్దాం" అంది డాక్టరమ్మ. రక్తపరీక్షలో డోసు సరిగ్గానే ఉందని తేలింది. "అయితే ఇది థైరాయిడ్ పని కాదు, ఇంకేదో ఉంది" అని నోట్లోంచి గొట్టం వేసి చూసింది. కడుపులో గడ్డ. కేన్సరు. ఆలస్యమైందనీ, అయినా ఆపరేషన్ చేయిద్దామనీ విజయవాడ పంపింది.

ఆపరేషన్ పూట నర్సు గాజులు తీసెయ్యమంది. ప్రసన్న చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మో, నేను తియ్యనండీ! ఆయన సముద్రం మీదకెళ్ళే మనిషి."

తిట్టాను, బతిమాలాను. వినదే! చావు తన కడుపులో పెట్టుకుని మొగుడి కోసం భయపడుతోంది పిచ్చిది.

దుర్గారావు తన మెడలో తాయెత్తు తెంపి జేబులో పడేశాడు. మంచం పక్కన కూర్చుని దాని గాజులకున్న దారం విప్పాడు.

"నాకేం కాదే. ముందు నువ్వు బతుకు."

గట్టిగా లాగాలనుకున్నాడు కాబోలు, వేళ్ళు బిగించాడు. గాజులన్నీ ఒక్కసారే జారి అతని చేతిలో పడ్డాయి.

దాన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. అతను ఆ గాజులు జేబులో వేసుకుని నా వైపు తిరిగాడు.

"వదినా, దాని పాత రెండు పది గాజులున్నాయా?"

"ఉన్నాయయ్యా."

"పారెయ్యకు. సబ్బు రాసి నేనే తొడుగుతాను."