ఆయన పెట్టిన టీ

పెళ్లయిన ఇన్నేళ్లలో స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో తెలియని మనిషి, ఒకరోజు పొద్దున్నే టీ కప్పు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "డ్యూటీకి వెళ్లేదానివి, తాగి వెళ్లు" అన్నాడు. అత్తగారు గుమ్మంలోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది. "మీ మామగారు నాకు మంచినీళ్లు కూడా అందించి ఎరగరు. పెట్టి పుట్టావే!" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికే వంట చేసి, అంట్లు తోమి, పాపకి జడలు వేసి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఉన్నాను. అయినా ఒక్క కప్పు టీకి కరిగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కరగడం మీదే నాకు ఎక్కువ కోపం.

నేను సిటీ బస్సు నడుపుతాను. ఆ ఉద్యోగం మొదట్నుంచీ ఆయన గొంతులో ముల్లు. "మీ ఆవిడ డ్రైవరైతే నువ్వు కండక్టరువా?" అని స్నేహితులు నవ్వుతారట. ఆ నవ్వంతా మోసుకొచ్చి నా నెత్తిన దించేవాడు. మానేసి ఇంట్లో పడుండమని అరిచాడు, అలిగాడు, కంచం విసిరేశాడు. నేను మానలేదు. ఉన్నట్టుండి అరుపులు ఆగిపోయాయి, టీ మొదలైంది.

టీతో పాటే డ్యూటీలో రెప్పలు వాలిపోవడమూ మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే, వెనక హారన్లు మోగేదాకా తెలివి ఉండేది కాదు. ఇంటా బయటా చాకిరీ, ఒళ్లు అలిసిపోయింది అనుకున్నాను. ఏం జరిగినా ముందు మన ఒంటినే తప్పుపడతాం కదా. ఒక మధ్యాహ్నం స్కూలు ముందు మలుపులో బ్రేకు వేయడం క్షణం ఆలస్యమైంది. బస్సు ఒక తల్లి చేతిసంచికి తగిలి ఆగింది. ఆవిడ నన్ను తిట్టలేదు. పిల్లాణ్ణి పొట్టకి అదుముకుని అలా చూస్తూ ఉండిపోయింది.

మాకు డ్రైవింగ్ నేర్పిన పెద్దావిణ్ణి అద్దాలమ్మ అనేవాళ్లం, నోరు తెరిస్తే అద్దాల సంగతే కాబట్టి. ఆ సాయంత్రం డిపోలో ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఓదార్చలేదు.

"రోజూ వెళ్లే దారిలో ఏం చూడమన్నాను నిన్ను?"

"నిన్నటిదాకా లేనిది చూడమన్నారు."

"మరి ఇంట్లో చూశావా?"

మర్నాటి నుంచి ఇంట్లోనూ బస్సు నడుపుతున్నట్టే మెలిగాను. సెలవు రోజున ఆయన టీ పెట్టడు, ఆ రోజు నాకు మత్తు రాదు. నేను కొత్త బట్టలు కట్టుకున్నా తలెత్తని మనిషి, కప్పు ఖాళీ అయ్యేదాకా నిలబడి చూస్తాడు. తీపి ఎక్కువైతే గొడవ చేసే ఆయనే నా కప్పులో పంచదార గుమ్మరిస్తాడు. సాయంత్రం "ఇవాళ ఏమైనా జరిగిందా?" అని అడుగుతాడు. ఏమీ లేదంటే మొహం వాడిపోతుంది. ఆ వాడిన మొహం చూశాక నాకు అంతా అర్థమైంది. నేను ఒక్కసారి గుద్దితే చాలు, ఉద్యోగం పోతుంది. బస్సు నిండా మనుషులుంటారని తెలిసే టీలో ఏదో కలుపుతున్నాడు.

యూనిఫాం వేసుకుంటూ తాగుతానని కప్పు గదిలోకి తీసుకెళ్లి, టీని సీసాలో పోసి డిపో డాక్టరుకి ఇచ్చాను. పరీక్ష చేయించి, నిద్రమాత్రలు కలిశాయి అన్నాడు. వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్లమన్నాడు. "ఆదివారం వెళ్తాను" అన్నాను. నలుగురు నవ్వుతున్నారని ఇంత పని చేసినవాడు నలుగురి మధ్యే దొరకాలి. అంతవరకు రోజూ నవ్వుతూ కప్పు అందుకున్నాను, అదే వంకతో లోపలికి తీసుకెళ్లి బాత్రూంలో పారబోశాను. ఆ నాలుగు రోజులూ నాకు భలే ఆకలి వేసింది.

ఆదివారం ఆడపడుచునీ ఆమె భర్తనీ భోజనానికి పిలిచాను. మధ్యాహ్నం డ్యూటీ పడిందని చెప్పి యూనిఫాం వేసుకుని కూర్చున్నాను. టీ వచ్చింది.

"వదినా, అదృష్టమంటే నీదే!" అంది ఆడపడుచు.

కప్పు అందుకుని, చల్లారేదాకా కబుర్లు చెప్పి, అత్తగారి చేతిలో పెట్టాను. "కొడుకు చేతి టీ మీరెప్పుడూ తాగలేదుగా అత్తయ్యా. తాగండి."

ఆవిడ మొహం విప్పారింది. కప్పు పెదవుల దాకా వెళ్లింది. లాగేసుకోవడానికి నా చెయ్యి సిద్ధంగానే ఉంది. అక్కర్లేకపోయింది.

"అమ్మా, తాగకు!"

ఆయన ఒక్క గెంతులో వచ్చి కప్పు లాక్కున్నాడు. టీ ఆవిడ ఒళ్లో ఒలికింది.

"ఏం? ఎందుకు తాగకూడదురా?"

"వేడి... వేడిగా ఉందమ్మా."

ఆవిడ తడిసిన బట్ట తడుముకుంది. "చల్లారిపోయిందిగా."

"నిద్రమాత్రలు కలిపాడు అత్తయ్యా, అందుకు. మీ చేతిలోంచి లాక్కున్నాడు. నాకు మాత్రం ఆఖరి గుక్కదాకా కాపలా కాశాడు." ఆయన వైపు తిరిగాను. "మిగిలింది నువ్వు తాగు. తాగి, నా బస్సు నువ్వు నడుపు." పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. నోటికి భలే రుచిగా ఉంది.

ఆయన కప్పు బల్ల మీద పెట్టేశాడు. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు మాత్రం కొడుకునే చూస్తోంది. "నేను ఆసుపత్రికి వెళ్లేది దాని బస్సులోనే కదరా" అంది మెల్లగా. ఆ సంగతి తనకి తోచనే లేదని ఆయన మొహమే చెప్పింది.

కప్పులో మిగిలిన టీ సీసాలో పోసి సంచిలో వేసుకుని, పాప చెయ్యి పట్టుకుని గుమ్మం దాటాను. పోలీస్ స్టేషన్ రెండు వీధుల అవతలే. "నలుగురిలో పరువు తీయకు, నీ కాళ్లు పట్టుకుంటాను" అని వెనక నుంచి బతిమాలుతున్నాడు.

"ఆగవే, నేనూ వస్తాను" అంది అత్తగారు.

"బట్టలు మార్చుకు రండి, ఉంటాను."

"మార్చుకోను. ఈ మరక వాళ్లకి చూపించాలి."