గుప్పెడు కల్లుప్పు

కనకరత్నం ఐసు వేసి సర్దిన రొయ్య కలకత్తాలో దిగాక కూడా మీసం తిప్పుతుందని మంగినపూడి మొత్తం నమ్ముతుంది. ఆమె మొగుడు గంగన్నయితే ఒట్టేసి చెబుతాడు.

అలాంటి కనకరత్నం ఇప్పుడు బందరు ఆసుపత్రి మంచం మీద ఉంది. రొమ్ములో మొదలైన క్యాన్సరు ఊపిరితిత్తులకి పాకింది. గుడివాడ ల్యాబులో పరిశోధన చేసే భార్గవి వచ్చి రక్తం అడిగింది.

"రక్తంలో మైక్రో ఆర్ఎన్ఏలని బహు చిన్నవి ఉంటాయి పిన్నిగారూ. జబ్బు పాకేటప్పుడు అవి మారతాయి. ఏవి ముందు మారతాయో తెలిస్తే, తర్వాతవాళ్లకి జబ్బు పాకబోతోందని ముందే చెప్పొచ్చు. మీకు మాత్రం ఉపయోగపడదండీ."

"నాకెందుకులే. మా ప్రభావతికి పనికొస్తే చాలు."

నాగాయలంకలో ఉండే చెల్లెలు ప్రభావతికి మొన్ననే రొమ్ములో గడ్డ బయటపడింది. కనకరత్నం రక్తం తీసిన మర్నాడు ఆమె రక్తమూ తీస్తారు.

కొత్త మందు ఎక్కించకముందు తీసిన రక్తమే కావాలి. మందు ఎక్కించే రోజు పొద్దున తీశారు. తీసుకెళ్లాల్సిన ల్యాబు మనిషి రాలేదు, గంగన్నే గుడివాడ బయల్దేరాడు. నర్సు ఇచ్చిన డబ్బాలో రెండు ఐసు ప్యాకెట్లు చూసి కనకరత్నం మొహం చిట్లించింది.

"ఈ ఐసు దారిలో పెడన కూడా దాటదు మావా. ఐసు కొట్టించి నింపు. గుప్పెడు కల్లుప్పు కలిపితే ఐసుకి చలి ఇంకా పెరుగుతది."

గుడివాడలో భార్గవి మూత తీసింది. రక్తం గొట్టం ఎర్రటి రాయిలా ఉంది.

"ఉప్పేశారా బాబాయిగారూ?"

"గుప్పెడేనమ్మా."

ఆ అమ్మాయి గొట్టాన్ని వెలుగులో పట్టుకుని చూసింది. "చల్లగా ఉంటే చాలండీ, మంచుగడ్డ కాకూడదు. కణాలు పగిలి వాటిలోవన్నీ కలిసిపోయాయి. ఇంక ఏది జబ్బుదో తెలీదు."

"ఇంకో గొట్టం తెస్తాను."

"ఈపాటికి మందు ఎక్కించేసి ఉంటారు కదండీ."

సాయంత్రం గంగన్న తిరిగొచ్చాడు.

"చేరిందా?" అంది కనకరత్నం.

"చేరడమేంటే! ఇలాంటి ప్యాకింగు జన్మలో చూళ్లేదన్నారు. నీ ఫొటో కట్టించి గోడకి తగిలిస్తారంట. దండ కొలతలు కూడా తీసుకున్నారు."

"బతికుండగానే దండేంటి, సచ్చినోడా!"

నెలల తర్వాత నవ్విందామె. దగ్గుతూనే ఫోను తీసి చెల్లెలికి కలిపింది.

"ఒసే ప్రభా, మీ ఆయనకి చెప్పు, రేపు ఆ డబ్బాలో గుప్పెడు కల్లుప్పు..."

గంగన్న ఫోను లాక్కుని వరండాలోకి నడిచాడు. "ఉప్పొద్దమ్మా ప్రభావతీ. వాళ్లిచ్చిన డబ్బా వాళ్లిచ్చినట్టే పంపండి."

లోపలికొచ్చేసరికి కనకరత్నం గోడవైపు తిరిగి పడుకుంది.

"నాది పోయింది కదా."

ఎప్పుడూ తడుముకోని గంగన్నకి ఒక్క అబద్ధం దొరకలేదు. "పోయింది," అన్నాడు.

ఆమె భుజాలు కదిలాయి. కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది.

"ప్రభకి సరిగ్గా చెప్పావా?"

"చెప్పాను."

"ఇంకోసారి చెప్పు మావా. అది ఒకసారికి వినదు."

గంగన్న మళ్లీ ఫోను కలిపాడు.