పొగ లేని బగార

మడికొండలో ఒక పెళ్లికి బగార అన్నం కలుపుతుండగా మల్లక్కకు ఎడమ దవడ లాగింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. పొయ్యి సెగ ఆమెకు కొత్త కాదు, ఇదీ సెగేననుకుంది. చేయి భుజం దాకా బరువెక్కి గంటె అన్నం ఉడికే గంజులోనే ఉండిపోయినప్పుడు కూడా, ఒక్క నిమిషం కూర్చుంటే పోతుందనే అనుకుంది. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న చెల్లెలు రమ మాత్రం ఆమె మొహం చూసి కత్తిపీట వదిలేసి లేచింది.

"ఇది సెగ కాదక్కా. నడువు దవాఖానకు," అని అప్పటికప్పుడు ఆటో ఎక్కించింది.

ఆ తొందరే మల్లక్కను బతికించింది. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేశారు. వార్డులోకి మారాక డాక్టర్ సంధ్యారాణి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"షుగర్ లేదు, బీపీ కొంచెమే ఉంది. చుట్టలు, బీడీల అలవాటుందా అమ్మా?"

"వాటి వాసనే నాకు పడది మేడమ్."

"మరి ఏం పని చేస్తావు?"

"పెండ్లిళ్లకు వండుత. అంతా కట్టెల పొయ్యి మీదనే. పెండ్లి కాకముందు నుంచి ఇదే పని."

డాక్టర్ తల ఊపింది. "అయితే నువ్వూ పొగ తాగినట్టే. కళ్లు మండించే పొగ మనకు కనిపిస్తుంది. కనిపించని సన్నటి నుసి ఊపిరితిత్తుల్లో నుంచి రక్తంలోకి పోయి నాళాలను పాడు చేస్తుంది. నీ జబ్బు ఒక్క దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. కానీ దాన్ని తగ్గించుకోవడం నీ చేతిలో ఉంది. మందులు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు."

"వంట మానెయ్యాల్నా మేడమ్?"

"కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో. తర్వాత వండుకో. మానాల్సింది పొగను."

ఆ మాట పట్టుకునే మల్లక్క ఇంటికొచ్చింది. ముందుగా తన వాకిట్లోని నీళ్లు కాచే పొయ్యి తీసేయించింది. ఆమె భర్త మొగిలయ్య అందులో కట్టెలతో పాటు పాత చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు కూడా వేసి కాల్చేవాడు. పెళ్లిళ్లలో కట్టెలు కొట్టేదీ, పొయ్యి ఎగదోసేదీ కూడా అతనే. ఇకమీదట గ్యాస్ మీదే వండుతానని ఆమె అనేసరికి అతనికి గుబులు పట్టుకుంది.

"గ్యాస్ మీద వండితే నిన్నెవలు పిలుస్తరే? ఇంటికాడ ఉండరాదు, నేను పోతాన గద పనికి."

"నువ్వు మింగిన పొగ మాత్రం పొగ కాదా? పిలిచేటోళ్లే పిలుస్తరు. నువ్వు ఫికర్ చెయ్యకు."

కొందరు నిజంగానే పిలవలేదు. మల్లక్క ఎవరినీ బతిమాలలేదు. పొద్దున్నే లారీల పొగ ఉండే పెద్ద రోడ్డు వైపు పోకుండా ఇళ్ల మధ్య సందుల్లో నడిచేది. మందులు వేసుకునేది. ఒంట్లో సత్తువ తిరిగొచ్చాక, మరిపెడ నుంచి సత్యనారాయణ అనే రైతు కూతురి పెళ్లికి మాట్లాడుకోవడానికి వచ్చాడు.

"గ్యాస్ మీదనే వండుత అన్నా. వంటకాడ మూడు దిక్కుల తెరిచి ఉండాలె. దీనికి ఒప్పుకుంటేనే వస్త," అంది మల్లక్క.

"మా నాయిన కట్టెల పొయ్యి అంటడక్కా. రుచి మారదు గద?"

"మారుతది. పొగ వాసన ఉండది. మిగిలిందంతా నా చెయ్యే."

అతను సరేనన్నాడు.

పెళ్లినాడు తెల్లవారుతూనే రమ, మొగిలయ్యలతో అక్కడికి చేరిన మల్లక్క రేకుల షెడ్డు ముందు ఆగిపోయింది. లోపల కట్టెల పొయ్యి భగభగ మండుతోంది. పొగ బయటకు దారిలేక రేకుల కింద తిరుగుతోంది. సత్యనారాయణ తండ్రి లింగమూర్తి గుమ్మంలో నిలబడి, "చింత కట్టెలు తెప్పిచ్చిన బిడ్డా, మంచిగ అంటుకున్నయ్," అన్నాడు సంబరంగా. వెనక సత్యనారాయణ తలవంచుకున్నాడు. గ్యాస్ పొయ్యిలు బయట నిలిపిన ట్రాక్టర్ దిగనే లేదు.

ఆ వాసన ముక్కుకు తగలగానే మల్లక్క చేయి దానంతటదే గుండె మీదికి పోయింది. ఆమె గడప దాటలేదు. "నేను లోపలికి రాను నాయినా," అంది నెమ్మదిగా. "బయట చెట్టు నీడకు పొయ్యిలు దించుండ్రి. పదకొండింటికల్లా వంట మొత్తం అయితది. ఆ పూచీ నాది."

పెద్దాయన ఏదో అనబోయాడు. ఈలోగా మొగిలయ్య బకెట్ నిండా నీళ్లు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి పొయ్యి మీద కుమ్మరించాడు. నిప్పు చుయ్యిమని ఆరిపోయింది. దగ్గుకుంటూ బయటికొచ్చి లింగమూర్తికి చేతులు జోడించాడు.

"ఏమనుకోకు పటేలా. నేను అంటువెట్టిన పొయ్యి కాడనే నా పెండ్లాం కూలవడ్డది. నా కండ్ల ముందట మళ్ల అట్ల కావద్దు."

ముసలాయన కొడుకు వైపు తిరిగి, "ఇంక నిలవడ్డవేందిరా, పొయ్యిలు దించు," అన్నాడు.

గాలి ఆడే చోట నీలి మంట మీద బగార ఉడికింది, మటన్ ఉడికింది. మొగిలయ్య ఎగదోసే పని లేక మంటలు చిన్నగా పెద్దగా తిప్పడం నేర్చుకున్నాడు. కళ్లు తుడుచుకునే పని లేకపోవడంతో రమ చేతులు ఎప్పటికంటే చురుగ్గా ఆడాయి. చెప్పిన వేళకు ముందే గంజులు దిగాయి.

మొదటి పంక్తిలో లింగమూర్తి కూర్చున్నాడు. మల్లక్క వెళ్లి ఎదురుగా నిలబడింది.

"కట్టెల మీద వండింది వేరే, ఇది వేరే బిడ్డా," అన్నాడాయన.

"అవు నాయినా, వేరే," అంది మల్లక్క.

ఆయన ఇంకో ముద్ద తిన్నాడు. "జర మటన్ సోర్వ వెయ్యిమను," అన్నాడు.

పంక్తులన్నీ లేచాక వంటవాళ్లు చెట్టు కింద కూర్చున్నారు. ఇన్నేళ్లూ వంట ముగిసేసరికి తల దిమ్మెక్కి, మల్లక్కకు మెతుకు మీదికి మనసు పోయేది కాదు. మజ్జిగ తాగి పడుకునేది. వండినవాళ్లకు ఆకలి ఉండదని అందరూ అనేవారు, ఆమె కూడా అదే నమ్మింది. ఆ రోజు మాత్రం కడుపులో ఆకలి కరకరలాడింది. డాక్టర్ చెప్పినట్టు మటన్ జోలికి పోకుండా, పప్పుచారు పోసుకుని విస్తరి నిండా తినేసింది. చాలక మళ్లీ గంటె అందుకుంది.

"ఇంకొంచెం పెట్టాల్నా?" అని మొగిలయ్యను అడిగింది.

"ముందుగాల నువ్వు తినవే," అన్నాడతను, ఆమె విస్తరి వైపే చూస్తూ.