బెడోక్ పునుగుపిల్లి

బాబ్జీ అబద్ధాలకోరు కాదు. ఎవరైనా తనను "గారూ" అని పిలిస్తే మాత్రం కాస్త నోరు జారే మనిషి. సింగపూరు వచ్చిన ఆరేళ్లలో అలా పిలిచింది ఒక్కరే. ఆ ఒక్కసారికే జారాడు.

బొద్దింకలూ, ఎలుకలూ, దోమలూ పోగొట్టే కంపెనీలో అతనికి ఉద్యోగం. బూన్ లేలో పన్నెండు మంది పడుకునే గదిలో ఒక మంచం. సూపర్‌వైజరు అతన్ని "హే, యూ" అంటాడు. వ్యాను నడిపే సెల్వం "తంబీ" అంటాడు. గదిలోవాళ్లు "పిల్లుల బాబ్జీ" అంటారు. ఇళ్ల కప్పుల్లో కాపురం పెట్టే ముసాంగులనే పిల్లిలాంటి జంతువులను బోను పెట్టి పట్టి, క్షేమంగా అడవిలో వదిలివచ్చే విద్య కంపెనీ మొత్తంలో అతనొక్కడికే తెలుసు మరి. ఆ విద్య చింతపల్లి కొండల్లో తాత దగ్గర నేర్చుకున్నాడు. తాత చలికాలమంతా ఉచ్చులు పన్ని పునుగుపిల్లుల్ని పట్టి, పునుగు తీసి, నర్సీపట్నంలో సెట్టి గారికి అమ్మేవాడు.

అది తొంభై తొమ్మిది డిసెంబరు. బెడోక్ వైపు ఒక అద్దె ఇంటి కప్పులో రాత్రిళ్లు ఏదో తిరుగుతోందని కంపెనీకి ఫోనొచ్చింది. బాబ్జీ బోను పట్టుకుని వెళ్లేసరికి గేటు తీసినావిడ అతని చొక్కా మీద పేరు చదివి, "రండి బాబ్జీ గారూ, మనది ఏ ఊరు?" అంది. బాబ్జీ వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఆవిడ హైమావతి గారు, తెనాలి ఆవిడ. భర్త పార్థసారథి గారు ఒక బ్యాంకులో కంప్యూటర్ల పెద్ద. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తెల్లమొహం వేస్తాయట, ఆ ప్రళయం ఆపే పనిలో ఆయన ఇంటికి రావడమే మానేశారు. ఎప్పుడైనా వస్తే స్నానం చేసి, చొక్కా మార్చుకుని మళ్లీ వెళ్లిపోతారు. పలకరించడానికి మనిషి లేక హైమావతి గారు ఫ్రిజ్జుతోనూ మిక్సీతోనూ మాట్లాడుతున్న రోజులవి. అలాంటప్పుడు నర్సీపట్నం తెలుగు గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఆవిడ వదులుతుందా?

స్టీలు గ్లాసులో ఫిల్టరు కాఫీ ఇచ్చి, "ఇంతకీ పైన తిరిగేది ఏ జంతువండీ?" అని అడిగింది.

"ముసాంగు అంటారండి ఇక్కడ."

"మన భాషలో?"

మన భాషలో అది మానుపిల్లి. చెట్లెక్కి పళ్లు తినే మామూలు మానుపిల్లి. ఆ మాట బాబ్జీ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చేతిలో కాఫీ, చెవిలో గారూ. ఇంత మర్యాద చేసిన ఇల్లాలికి మానుపిల్లి అని చెప్పడం మరీ వెలితిగా తోచింది.

"పునుగుపిల్లండి" అనేశాడు.

హైమావతి గారు కుర్చీలోంచి లేచి నిలబడింది. కప్పు వైపు చూసి రెండు చేతులూ జోడించింది. తిరుమలలో ప్రతి శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పునుగు అలదుతారని ఆవిడ చిన్నప్పటినుంచీ వింటోంది. ఆ స్వామి సొమ్ము తన స్నానాలగది పైకి నడిచి వచ్చిందంటే మాటలా? బాబ్జీ మాత్రం పోనీలే, రేపు పడుతుంది, ఎల్లుండికి మరిచిపోతారు అనుకున్నాడు.

అది పడితేగా. అరటిపండు పెట్టాడు, బొప్పాయి పెట్టాడు, చివరికి పనసతొనలు పెట్టాడు. బోను ఖాళీ. మూడోరోజుకి బాబ్జీకి సంగతి అర్థమైంది. స్వామివారి జంతువు పస్తుంటుందేమోనని ఆవిడ రోజూ సాయంత్రం పెరటిగోడ మీద నాలుగు చక్కెరకేళీలు నైవేద్యం పెడుతోంది. కడుపు నిండిన జంతువు బోను మొహం ఎందుకు చూస్తుంది? ఆ మాట చెబితే పని ఒక్కరోజులో తెమిలిపోయేది. కానీ ధనుర్మాసం మొదలైంది. ఆ ఇంట్లో ఒకరోజు కట్టెపొంగలి, ఒకరోజు దద్ధ్యోజనం. "బాబ్జీ గారూ, ఇంకాస్త వేసుకోండి" అనే మాట వేరే. బాబ్జీ ఏమీ చెప్పలేదు.

గురువారం సాయంత్రం జడివాన పట్టింది. ఆవిడ పెరట్లోకి వెళ్లలేక ఆ పూట నైవేద్యం మానేసింది. శుక్రవారం తెల్లవారి బాబ్జీ వచ్చేసరికి బోను తలుపు పడి ఉంది. లోపల నల్లటి మూతీ, బూడిదరంగు ఒళ్లూ, పొడుగాటి తోకా పెట్టుకుని ముసాంగు మూల నక్కి కూర్చుంది. అతన్ని దింపి వ్యాను వెళ్లిపోయింది. సాయంత్రం అయిదింటికి గానీ సెల్వం మళ్లీ రాడు.

హైమావతి గారు తలంటు పోసుకుని, మడిచీర కట్టుకుని, చేతిలో గంధపు చెక్కతో సిద్ధంగా ఉంది.

"శుక్రవారమే దొరికింది చూశారా. రేపు ముక్కోటి. ఈ చెక్క లోపల పెట్టండి, ఒళ్లు రుద్దుకుంటే పునుగు అంటుకుంటుంది. పొద్దున్నే ఆ పునుగు పెరుమాళ్ గుడికి పట్టుకెళ్తాను. అందాకా దీన్ని ఎక్కడికీ తీసుకెళ్లకండి. మావాళ్లకి ఫోన్లు కూడా చేశాను, దర్శనానికి వస్తున్నారు."

బాబ్జీ తల ప్రాణం తోకకొచ్చింది. బోను ముందు చతికిలబడి జంతువు వైపు చూశాడు. చూస్తే దాని పొట్ట కింద చన్నులు ఉబ్బి ఉన్నాయి. చుట్టూ వెంట్రుకలు తడిగా, చెదిరి ఉన్నాయి. అదే సమయంలో స్నానాలగది పైనుంచి సన్నగా కీచుమని ఒక అరుపు, వెంటనే ఇంకొకటి. బోనులోది లేచి నిలబడి కప్పు వైపు మూతి ఎత్తింది.

స్నానాలగదిలోకి వెళ్లి చూశాడు. సీలింగు మీద తడి మరక కంచమంత అయి, చుక్కలు కారుతోంది. రాకపోకలకని తల్లి జరిపిన పెంకు సందులోంచి రాత్రంతా వాన లోపల పడుతోందన్నమాట.

సింగపూరులో చలేమిటని నవ్వకండి. ఇక్కడి చలికాలమంటే డిసెంబరు వానే. పట్టిందంటే మూడు రోజులు వదలదు, గాలి తోడవుతుంది. పెంకుల మీద తడిబట్టలతో పనిచేసేవాడికి గంటలో పళ్లు టకటకలాడతాయి. పెంకులు పాచిపట్టి కాలు నిలవదు. పోయిన డిసెంబరులో బాబ్జీ అలాగే జారిపడ్డాడు. అప్పటినుంచి అతని కుడి చీలమండ వానను రేడియో కంటే ముందే చెబుతోంది. కంపెనీ కూడా రూలు పెట్టింది, తడిసిన కప్పు ఎక్కకూడదు, రెండో మనిషి లేకుండా అసలే ఎక్కకూడదు అని. తాతకూ ఒక రూలుండేది. ఉచ్చు వేసినవాడు పొద్దెక్కకముందే వెళ్లి చూసుకోవాలి. పాలిచ్చేది పడితే ఆ క్షణమే విప్పేయాలి, ఎంత పునుగిచ్చేదైనా సరే. మంచులో తల్లి లేని పిల్ల ఒక్క పూట బతకదు అనేవాడు.

విప్పేయాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే గారూ పోతుంది. ఆ గారూ పోవడం బాబ్జీకి ఎంత కష్టమో చెబితే మీరు నమ్మరు. రాత్రి మంచం మీద పడుకుని అతను ఆ పిలుపును చెవిలో మళ్లీ మళ్లీ వినేవాడు.

అతను ఈ గుంజాటనలో ఉండగానే నలుగురు ఆంటీలు గొడుగులు మూసుకుంటూ వచ్చారు. కొబ్బరికాయలు, పూలు, ఒకావిడ చేతిలో కెమెరా. పాసిర్ రిస్ నుంచి వచ్చిన ప్రభావతి మాత్రం దండం పెట్టాక వంగి పరీక్షగా చూసింది.

"వదినా, పునుగుపిల్లికి తోక మీద చారలుంటాయని మా నాన్న చెప్పేవారు. ఒంటి మీద చుక్కల వరసలు కూడా. దీని తోక నల్లగా నున్నగా ఉందేమిటి?"

"చెప్పండి బాబ్జీ గారూ" అంది హైమావతి గారు ధీమాగా.

అయిదు జతల కళ్లు అతని మీదికి తిరిగాయి. పైనుంచి మళ్లీ కీచుమంది. ఈసారి ఒక్క గొంతే వినిపించింది.

"అమ్మా, ఓపాలి వొంటింట్లోకి రండి" అన్నాడు బాబ్జీ.

వంటింట్లో పొయ్యి గట్టు వైపు చూస్తూ మొత్తం కక్కేశాడు.

"అది పునుగుపిల్లి కాదండి. మానుపిల్లి. నాకు ముందే తెలుసండి. మీరు గారూ అన్నారు, కాఫీ ఇచ్చారు. ఉత్త మానుపిల్లంటే ఏం బాగుంటాదని అలాగనీసినానండి. మీరు పళ్లెడితే అది బోన్లో పడదని కూడా తెలుసండి. సెప్పలేదు. తప్పే. కానీ పైన పిల్లలున్నాయండి. వాన లోపలికి కారతంది. ఇప్పుడు తియ్యకపోతే సాయంత్రానికి సలికి సచ్చిపోతాయండి."

హైమావతి గారు చేతిలో గంధపు చెక్కను ఒకసారి అటూ ఇటూ తిప్పింది.

"ఎన్ని పిల్లలు?"

"రెండో, మూడో."

చెక్కను గట్టు మీద పెట్టి ముందుగదిలోకి వెళ్లింది. బాబ్జీ తలవంచుకుని అక్కడే నిలబడ్డాడు. ఇక నలుగురిలోనూ పరువు పోయినట్టే అనుకున్నాడు.

"ప్రభావతీ, చారల మాట అలా ఉంచు. ఇది బాలింత. పైన పిల్లలు ఏడుస్తున్నాయి, వినపడటం లేదూ? పురిటి మైల. మైలలో ఉన్నదాని దగ్గర తీసింది స్వామికి పట్టుకెళ్తామా, పాపం కాదూ?"

నలుగురూ ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు. కెమెరా ఆవిడ బోనుకు చెయ్యి తగిలిందని వేళ్లు విదిలించుకుంది. తలస్నానం చేస్తేగానీ కుదరదని హైమావతి గారు తీర్పు చెప్పింది. అయిదు నిమిషాల్లో గొడుగులన్నీ గేటు దాటాయి. చారల విషయం ఎవరికీ గుర్తులేదు.

ఆవిడ చీరకొంగు నడుముకు దోపుకుంటూ తిరిగి వచ్చింది.

"నిచ్చెన ఏదీ?"

"రెండో మనిషి లేకుండా ఎక్కకూడదండి."

"నేను మనిషిని కానా?"

బాబ్జీ ఎక్కాడు. వాన మొహానికి కొడుతోంది. పెంకుల మీద నాలుగు కాళ్లతో పాకుతూ జరిగిన పెంకు దగ్గరికి చేరాడు. దాన్ని ఎత్తి చెయ్యి లోపల పెడితే వాసన గుప్పుమంది, కొత్తబియ్యం అన్నం ఉడుకుతున్నట్టు. తడిసిన ఆకుల మధ్య మూడు పిల్లలు, ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. రెండు మెలికలు తిరిగాయి. మూడోది చల్లగా ఉంది, కదల్లేదు. మూడింటినీ చొక్కా లోపల వేసుకుని వెనక్కి తిరిగాడు. చీలమండ మెలిక పడింది. కాలు సర్రున జారింది. ఒక పెంకు ఊడి పెరట్లో పడి ముక్కలైంది.

"ఒరేయ్ బాబ్జీ, కదలకు" అని కింద నుంచి కేక వినబడింది. "ఎడమ కాలు కింద నిచ్చెన కమ్మీ ఉంది, దాని మీద పెట్టు. చూసుకోరా వెధవా, పడి చస్తావు. నేను పట్టుకునే ఉన్నాను, మెల్లగా దిగరా."

దిగాడు. కింద హైమావతి గారు నిలువునా తడిసి, రెండు చేతులతోనూ నిచ్చెనను కావిలించుకుని ఉంది. మడీ లేదు, గిడీ లేదు. అతని చొక్కాలోంచి ఆ చల్లబడ్డ పిల్లను తనే తీసుకుంది. కొంగులో చుట్టి, వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని, అరచేత్తో దాని వీపు రుద్దింది. చాలాసేపు రుద్దింది. బాబ్జీ వణుకుతూ గుమ్మంలో నిలబడి చూశాడు. చివరికి అది ఒక్క తుమ్ము తుమ్మి, ఆవిడ వేలును పట్టుకుని చీకడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్లు తుడుచుకుంది, వాన నీళ్లే అన్నట్టు.

మూడు పిల్లలనూ బోనులో తల్లి పక్కన పెట్టి, పైన ఆవిడ తువ్వాలు కప్పారు. ఆవిడ శొంఠి కాఫీ పెట్టి ఇచ్చింది. దాని వెంట గారూ రాలేదు, బాబ్జీ కూడా ఎదురు చూడలేదు. ఒరేయ్ అని పిలిచేవాళ్లలో అతనికి చివరగా మిగిలింది తాత ఒక్కడే. తాత పోయి నాలుగేళ్లయింది. ఆ మాట మళ్లీ వినబడుతుందని అతను అనుకోలేదు.

అయిదింటికి సెల్వం హారను కొట్టాడు. బాబ్జీ బోను ఎత్తుకుని గేటు దగ్గర ఆగాడు.

"రేపు పొద్దున్నే గుడికెళ్తారు గదండి. నా పేరున కూడా ఓ దండం ఎట్టండి, తప్పు సెప్పినానని."

"గుడికా?" అంది ఆవిడ. "పురుడొచ్చిన ఇల్లురా ఇది. నలుగురి ముందూ నేనే చెప్పాను. ఈ ముక్కోటికి గుడి లేదు నాకు."

ఏడాది పొడుగునా ఆవిడ ఎదురుచూసిన రోజు అది. పది రోజులుగా రోజూ ఆ మాటే చెప్పింది. తన పరువు కాపాడబోయి ఆవిడ ఆ రోజును పోగొట్టుకుందని బాబ్జీకి అప్పుడు తెలిసింది.

"మొహం అలా పెట్టకు" అంది ఆవిడ. "రేపు ఉపవాసం. ఎల్లుండి ద్వాదశి పారణ, నీకు ఆదివారం సెలవే. ఆయన ఎలాగూ రారు. అతిథి తినందే నేను ముద్ద నోట్లో పెట్టుకోను. ఆలస్యం చేశావంటే రెండు రోజుల ఆకలి మీద ఉంటాను, ఆలోచించుకో. వచ్చేటప్పుడు ఒక పెంకు కూడా పట్టుకురా."