నాలుగు వేళ్ల లోతు

బండలు పగలగొట్టే మందు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో, ఆరబెట్టే షెడ్డుకు ఇరవై ఏళ్లుగా పెద్ద దిక్కు వదిన. మేనేజరు ఆమెకు సొంత మరిది కావడంతో పదకొండు మంది పనివాళ్లకూ ఆమె వదినే అయిపోయింది. గడప దగ్గరి రాగిరేకు మీద అరచెయ్యి ఆనించి బట్టల రాపిడికి ఒంట్లో చేరిన కరెంటు వదిలించుకోనిదే ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు, యజమానినైనా సరే.

ఆ ఉదయం ఆమె వచ్చి మందు ఆరబెట్టే తొట్లు చూసింది. మందుగింజలు ఎంతవరకు పోయాలో చెప్పే ఎర్రగీత నాలుగు వేళ్లు పైకి జరిగింది. పెయింటు ఇంకా వాసనేస్తోంది. నాలుగు తొట్లూ ఆ కొత్త గీత దాకా నిండాయి. పైన మూతలు కూడా బిగించారు.

"పెద్ద ఆర్డరొచ్చింది వదినా, నేనే గీయించా," అన్నాడు మరిది. "అదే మందు, అదే తొట్టి. నాలుగు వేళ్లకే కొంప మునుగుతుందా?"

"మునగదయ్యా, ఎగిరిపోతుంది. పల్చగా పరిచిన మందు అంటుకుంటే భగ్గున మండి ఊరుకుంటుంది. లోతుగా పోసి మూత బిగిస్తే మంటకి బయటికి దారుండదు. లోపలే ఒత్తిడి పెరిగి, గింజల సందుల్లోకి దూరి, మొత్తం ఒక్కసారిగా పేలుతుంది."

"మేనేజర్ని నేనా, నువ్వా?"

"నువ్వే. నన్ను పనిలోంచి తీసెయ్. తీసేసేదాకా నా పని నన్ను చేసుకోనీ."

పనివాళ్లను బయటికి పంపి, మూతలు విప్పి, ఎక్కువైన మందును చెక్కచేటతో తోడి అవతలి ఖాళీ షెడ్డుకు మోయడం మొదలెట్టింది. మరిది గుమ్మంలో నిలబడి కేకలేశాడు, బతిమాలాడు, చివరికి మొండిఘటమని తిట్టి వెళ్లిపోయాడు. ఆ బిరుదు ఆమెకు కొత్తేం కాదు. భయం లేదా అంటే బోలెడుంది. వణికే చేతులతో మందు ముట్టుకోకూడదు కనుక, ప్రతి తొట్టికీ ముందు బయటికొచ్చి చేతులు కుదుటపడేదాకా నిలబడేది. పాత లోతుకు నాలుగో తొట్టి వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. అప్పుడే పనివాళ్లను మళ్లీ లోపలికి రానిచ్చింది.

గంట తిరక్కముందే షెడ్డు ఆ చివర జల్లెడ మిషను బేరింగు వేడెక్కి నిప్పు రేగింది. లెక్క చూసుకోవడానికొచ్చిన మరిదితో సహా అందరూ ఒక్క పరుగున బయటపడ్డారు. వెనకాల తొట్లు ఒక్కోటీ భగ్గుమన్నాయి. మంటలు నిలువునా లేచి పైకప్పు రేకుల్ని ఎగరగొట్టాయి. గోడలు మాత్రం నిలబడ్డాయి. పేలుడు జరగలేదు.

యజమాని పరిగెత్తుకొచ్చి తలలు లెక్కపెట్టుకున్నాడు. "ఒక్కరికీ ఏం కాలేదు! భలే జాగ్రత్తపడ్డావయ్యా," అని మరిది భుజం తట్టాడు.

ఇంకొకరైతే పోనీలెమ్మని మాట దాటేసేవాళ్లేమో. వదిన దాటెయ్యలేదు.

"చెప్పు," అంది మరిదితో. "వీళ్లకి తెలియాలి."

కాలిన కనుబొమలతో అతను పనివాళ్ల వైపు తిరిగాడు.

"పొద్దున తొట్లు నింపించి మూతలు బిగించింది నేనే. మీరు ఇవాళ ఇళ్లకి వెళ్తున్నారంటే, వదిన నా మాట వినకపోబట్టే."