మూడో స్థానానికి ఇద్దరు

2013 ఫిబ్రవరిలో ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్‌లో మాలి, ఘానా జట్లు మూడో స్థానం కోసం తలపడిన సాయంత్రం, ఇంగ్లండ్‌లో స్లౌ అనే ఊళ్ళో ఒక ఆఫీసులో పుష్పలీలకు పక్కనున్న అఖిలేష్ పీక పిసికేయాలన్నంత కోపం వచ్చింది.

ఆ ఆఫీసు పని ఆటల లెక్కలు తీసి టీవీలకూ పత్రికలకూ అమ్మడం. మ్యాచ్‌కి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు తెర మీంచి చూపు తిప్పకుండా బంతి ఎవరి దగ్గరికి పోతే వాళ్ళ చొక్కా నంబరు పైకి చెబుతారు. రెండోవారు తల దించి అది కంప్యూటర్లో కొడతారు. హాఫ్‌టైమ్‌కి కుర్చీలు మార్చుకుంటారు. తప్పు పడితే కొట్టినవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. చెప్పినవాళ్ళని అడిగే నాథుడు లేడు.

ఫైనల్‌ని సీనియర్లు తీసేసుకున్నారు. సెమీస్‌లో ఓడినవాళ్ళు ఆడుకునే ఈ ఆట ఎవరికి కావాలి? ట్రైనీలైన వీళ్ళిద్దరి మొహాన పడేశారు. వీసా స్పాన్సర్ చేసే ఉద్యోగాలు మూడుంటే రెండు అప్పటికే ఇచ్చేశారు. మిగిలిన ఒక్కటీ ఈ మ్యాచ్‌లో తప్పులు తక్కువ చేసినవాళ్ళకేనని సూపర్‌వైజర్ జిలియన్ ముందే చెప్పేసింది. రెండోవారు వచ్చే నెల విమానం ఎక్కాల్సిందే, ఆమె అయితే జగిత్యాలకి, అతనైతే తెనాలికి.

ఇద్దరికీ మొదట్నుంచీ పడదు. ఆమె నోరు విప్పితే చాలు, "మీ తెలుగుకి సబ్‌టైటిల్స్ వెయ్యాలమ్మా" అనేవాడు. ఆమేం తక్కువ తినలేదు. అతని ఇస్త్రీ చొక్కాలు చూసి పెండ్లికొడుకని పేరు పెట్టి, ఆఫీసులో తెలుగువాళ్ళందరికీ పాకించింది.

మొదటి సగం అతను చెప్పాడు, ఆమె కొట్టింది. మాలి ఒక గోల్ వేసింది. ఒకసారి బంతి గీత దాటి బయటికి పోయినప్పుడు ఆమె ఊరికే తల ఎత్తింది. బంతి విసరబోతున్నవాడి వీపు మీద ఒక నంబరుంది. అఖిలేష్ నోట్లోంచి ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత తెర వైపు దొంగచూపులు చూసింది. మధ్యమధ్యలో తప్పు చెబుతున్నాడు మహానుభావుడు, గొంతైనా తడబడకుండా.

"ఏం చెప్తున్నవ్? కండ్లు కనవడ్తలేవా?"

"ముందు నీ చేతులు సరిగ్గా ఆడించుకో. నా మీద పడతావేంటి?"

జిలియన్‌కి చెబితే? నేను సరిగ్గానే చెప్పాను, తనే తప్పు కొట్టిందంటాడు. సాక్ష్యం ఎక్కడుంది? అక్కణ్ణుంచి వీలైనప్పుడల్లా తనే చూసి కొట్టింది. కానీ అన్నీ దొరకవు కదా.

హాఫ్‌టైమ్‌లో కుర్చీలు మారాయి. వరసపెట్టి తప్పులు చెప్పి వీణ్ణి నిలువునా ముంచేద్దామనే అనుకుంది. అంతలో కీబోర్డు ముందు కూర్చున్న అతని మొహం చూసింది. తను చేసిందే ఆమె తనకీ చేస్తుందని ముందే భయపడుతున్నాడు. ఆమెకి ఎక్కళ్ళేని సంతోషం కలిగింది. పరిచయమయ్యాక మొదటిసారి అతన్ని చూసి నవ్వింది.

"పరేషాన్ గాకు. అన్నీ కరెక్టుగనే చెప్త."

చెప్పింది కూడా. ఒక్క నంబరు తప్పు పోలేదు. అతను ఒక్కటీ నమ్మలేదు. ప్రతిదానికీ తల ఎత్తేవాడు. ఎత్తేసరికి బంతి ఇంకొకడి దగ్గరికి పోయేది. కనబడినవాడి నంబరు కొట్టేవాడు. కొట్టేలోపు అది ఇంకో ఇద్దర్ని దాటిపోయేది. ఆమె మాత్రం గొంతు పెంచకుండా తగ్గించకుండా చెప్పుకుంటూ పోయింది. మాలి 3-1తో గెలిచింది. అంతకుముందు ఏడూ ఇదే ఘానాని ఓడించి ఇదే మూడో స్థానం తెచ్చుకుంది.

జిలియన్ పక్కగదిలో అదే మ్యాచ్ ఆపుకుంటూ ఆపుకుంటూ కొట్టుకొచ్చింది. తన లెక్కనీ వీళ్ళ లెక్కనీ పోల్చి, ఉద్యోగం పుష్పలీలదని చెప్పి, ఇద్దరికీ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

"అన్నీ తప్పులే చెప్పావు కదా. సిగ్గుగా లేదూ?" అన్నాడు అఖిలేష్.

"వీడియో ఉంది కదా. పెట్టుకొని చూస్కో."

ఆమె కోటు తొడుక్కుని, బ్యాగు సర్దుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. అతను రెండో సగం మొదట్నుంచి పెట్టుకున్నాడు. ఆమె చెప్పిన నంబర్లు ఇంకా చెవిలోనే ఉన్నట్టున్నాయి, తెర మీది చొక్కాలు చూస్తూ ఒక్కొక్కటే గొణుక్కుంటున్నాడు. అన్నీ కలుస్తున్నాయి. కాసేపటికి గొణుగుడు ఆగిపోయింది. వీడియో నడుస్తూనే ఉంది.

"సబ్‌టైటిల్స్ గావాల్నా, పెండ్లికొడుకా?" అని అడిగింది పుష్పలీల.

ఆమె తలుపు దగ్గరున్న స్విచ్ నొక్కి, గదిలో లైటు ఆర్పేసి వెళ్ళిపోయింది.