రెండుంబావు అంగుళాలు

మా ఆయన కాలు బాగైపోయిందని సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. సంతోషించాల్సిన సంగతే. కాకపోతే అది మొదటి నుంచీ బాగానే ఉందనీ, ఇరవై ఎనిమిది నెలలుగా అర్హత లేకుండా తీసుకున్న వికలాంగుల పింఛను, నెలకు ఐదు వందల లెక్కన పద్నాలుగు వేలు, పదిహేను రోజుల్లో తిరిగి కట్టాలనీ, లేకుంటే చట్ట ప్రకారం వసూలు చేస్తామనీ అందులో ఉంది.

2012 జూలై అది. అశోక్‌నగర్‌లో మాకొక జిరాక్స్ షాపు ఉంది. మా ఆయన జగదీశ్వర్ మిషన్ దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు, నేను కంప్యూటర్ దగ్గర. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లల నోట్సులు సగం మా మిషన్‌లోంచే పోతాయి. పొలం పట్టా దగ్గరనుంచి హాల్‌టికెట్‌లో ఇంటిపేరు తప్పు దాకా ఎవరి అర్జీ అయినా నేనే టైపు చేసి పెడతాను. "గౌరవనీయులైన" అని మొదలుపెడితే "తమ విధేయుడు" దాకా నా వేళ్లు వాటంతటవే పోతాయి. అలాంటిదాన్ని, మా ఉత్తరాన్ని మూడుసార్లు చదివి కూడా ఒక్క ముక్క టైపు చేయలేకపోయాను.

షాపులో ఉన్న పిల్లలు మాత్రం ఉత్తరాన్ని చేతులు మార్చుకుంటూ చదివారు. ఒకతను "అక్కా, ముందుగాల నోటీసు ఇయ్యకుంట వసూలు చేసుడు చెల్లదు" అన్నాడు. ఇంకొక అమ్మాయి "చెల్లుతది, అప్పీలుకు పోవాలె" అంది. అరగంట సేపు రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు. పాపం, ప్రేమతోనే. చివరికి ఎవరిది సరైన జవాబో తేల్చుకుందామని సెంట్రల్ లైబ్రరీకి వెళ్లిపోయారు. జిరాక్సుల డబ్బులు పన్నెండు రూపాయలు ఇవ్వడం మర్చిపోయారు.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కట్టేద్దాం తీ" అన్నాడు.

"ఎందుకు కట్టాలె? మీ కాలు మంచిగైందా?"

"కాలేదు."

"మరి?"

"మళ్ల ఆ డాక్టర్ల ముంగట నేను నిలబడ రేణుకా. పైసలే కదా."

పైసలే కదా అట. కాగితాలు నమిలి మింగే ఆ పాత మిషన్‌ను మార్చాలని రెండేళ్లుగా కూడబెట్టిన పద్దెనిమిది వేలు తప్ప మా దగ్గర వేరే పైసలు లేవు. నాకు కోపం వస్తే ఆపుకోవడం చేతకాదు. వీధిలో నాలుగు షాపుల వరకు వినబడేటట్టు అరిచాను. ఆయన మిషన్ మూత తీసి సిరా పొడి నింపాడు. నేను అరిచినప్పుడల్లా ఆయన పొడి నింపుతాడు. అందుకే మా మిషన్‌లో పొడి ఎప్పుడూ అయిపోదు.

ఆయనకు మూడేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నగా, కురచగా ఉండిపోయింది. చిక్కడపల్లిలో మేం కిరాయికి ఉండే రెండు గదుల్లో ఆయన మంచం దగ్గరనుంచి స్నానాల గది దాకా గోడ పట్టుకొనే నడుస్తాడు. పన్నెండేళ్లుగా ఆయన చెయ్యి తాకీ తాకీ గోడ మీద ఒక నల్లటి చార పడింది. ఇంటి ఓనరు రాజకుమారి గారు కిరాయి తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆ చారను చూసి నిట్టూరుస్తుంది. ఒకసారి పైకే అన్నది. నేనూ పైకే అన్నాను. అప్పటినుంచి నిట్టూర్పుతోనే సరిపెట్టుకుంటోంది.

బయటికి వెళ్తే చేతికర్ర ఉండేది. వీధిలో అందరూ ఆయన్ని "కర్రన్న" అనేవాళ్లు. ఆయన నవ్వుతూ పలికేవాడు. నేను మాత్రం ఒక్కనాడూ నవ్వలేకపోయాను. మా పెళ్లయి పన్నెండేళ్లయిన రోజుకు ఆయనకు షూ చేయించాలని పంతం పట్టాను. హిమాయత్‌నగర్‌లో అడిగితే ఆరు వేలన్నారు. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర కూర్చొని చెప్పులు కుట్టే మొగిలయ్య మాత్రం పన్నెండు వందలకు చేస్తానన్నాడు. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ అట్ట మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాడు. వారం తర్వాత షూ ఇచ్చాడు. ఎడమ దానికి లోపల మెత్త, కింద పొరలు పొరలుగా రబ్బరు. పైన ప్యాంటు పడితే మామూలు బూటే.

ఆ రోజు ఆయన నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా కర్ర లేకుండా నడిచాడు. నేను కర్ర చంకలో పెట్టుకొని వెనకాల నడిచాను. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. పెళ్లిరోజున కూడా లేను, ఆ రోజు నాకు జ్వరం.

మూడు వారాలకే వికలాంగులకు కొత్త సర్టిఫికెట్లు ఇవ్వడానికి క్యాంపు పెట్టారు. మా ఇంట్లో ఒక పిచ్చి ఉంది. సర్కారు వాళ్ల ముందుకు వెళ్లాలంటే పెళ్లికి వెళ్లినట్టే తయారవ్వాలి. మా అత్తగారు నేర్పిన మర్యాద అది. ఆయన గడ్డం గీసుకున్నాడు, నేను తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను, షూకు రెండుసార్లు పాలిష్ పెట్టాను. అక్కడ మూడు వందల మందికి ఒకే డాక్టరు. తలుపు నుంచి డాక్టరు బల్ల దాకా పది అడుగులుంటాయి. నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను. ఆయన కొత్త పెళ్లికొడుకులా నడుచుకుంటూ వెళ్లాడు. డాక్టరు ఆ నడక చూశాడు, మోకాలు నొక్కి చూశాడు, రాశాడు. షూ విప్పమనలేదు. మేమూ విప్పుతామనలేదు. కాగితం మీద వైకల్యం ముప్పై నాలుగు శాతం అని ఉందనీ, పింఛనుకు నలభై ఉండాలనీ చూసుకోకుండా హోటల్‌కు వెళ్లి చాయ్ తాగి ఇంటికొచ్చాం.

అంటే పద్నాలుగు వేల తప్పు నాది. అది తెలిసే నేను అంత గట్టిగా అరిచాను.

మర్నాడు ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి క్లర్కు కిషన్ రావు గారు మెత్తటి మనిషి. నా మాట మొత్తం విన్నాడు.

"నేనేం చెయ్యనమ్మా, కాగితం మీద ముప్పై నాలుగుంది" అన్నాడు. "పెద్ద డాక్టర్ల బోర్డు ఒకటున్నది. మంగళారం మంగళారం కూసుంటది. మళ్ల చూడుమని అర్జీ పెట్టుకోండ్రి. ఆళ్లు నలభై దాటి రాస్తే ఈ ఉత్తరం నేనే కొట్టేస్త. కాని సార్ రావాలె. షూ ఇప్పి నడవాలె."

ఆ మాట చెబితే ఆయన "నడవ" అన్నాడు. అంతే. మూడు రోజులు మా మధ్య "ఎన్ని కాపీలు?" "రెండు దిక్కులా, ఒక దిక్కా?" తప్ప మాటల్లేవు. ఉత్తరంలోని పదిహేను రోజుల్లో ఆరు గడిచిపోయాయి.

కోపం ఎవరి మీదనైనా తీర్చుకోవాలి కదా. నారాయణగూడ వెళ్లి మొగిలయ్య ముందు నిలబడ్డాను.

"అంత మంచిగ ఎందుకు చేసినవ్ షూ?" అన్నాను.

మొగిలయ్య సూది ఆపి నా ముఖం చూశాడు. "ఏందమ్మా, తెగిందా?"

"తెగితే బాగుండు. నీ షూ చూసి మా ఆయనకు కాలు బాగనే ఉన్నదని రాసిండ్రు. పద్నాలుగు వేలు కట్టుమంటున్నరు."

నేను చెప్పిందంతా విన్నాడు. తర్వాత గోనె సంచిలో చెయ్యి పెట్టి తాడుతో కట్టిన అట్టల కట్ట తీశాడు. తన దగ్గర చెప్పులు కుట్టించుకున్న వాళ్ల పాదాలన్నీ అందులో ఉన్నాయి. పాత క్యాలెండర్ల అట్టలు, చీరల పెట్టెల అట్టలు. ఒక్కొక్కటీ తిప్పి మాది వెతికి ఇచ్చాడు. రెండు పాదాల గీతలు. కుడిది తొమ్మిది నంబరు, ఎడమది ఆరు. ఎడమ దాని పక్కన పెన్సిలుతో రాసి ఉంది: "ఎత్తు రెండుంబావు అంగుళాలు." కింద తేదీ.

"ఆళ్లు షూ చూసిండ్రు, కాలు చూడలే" అన్నాడు మొగిలయ్య. "తీసుకపో. కని పోగొట్టకు తల్లీ, మళ్ల జత కుట్టాల్నంటే అదే ఉండాలె."

నేను తిట్టడానికి వెళ్లాను. అతను నన్ను తల్లీ అని పంపించాడు. దారి పొడుగునా నా మీద నాకే సిగ్గేసింది.

సాయంత్రం షాపులో జనం లేనప్పుడు ఆ అట్టను మిషన్ మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. తన ఎడమ పాదం గీత చుట్టూ వేలితో ఒకసారి గీశాడు.

"గింత చిన్నగుంటదా" అన్నాడు.

నేను మాట్లాడకపోవడం చూసి భయపడ్డాడేమో, ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేను డాక్టర్ చూస్తుండని నడవలే, రేణుకా. నువ్వు తలుపు కాడ నిలబడి చూస్తుంటివి. నీ మొఖం గట్ల వెలుగుడు నేనెన్నడు చూడలే. నడుము పీకుతున్నా ఆపబుద్ధి కాలే. ఇంకింత మంచిగ నడిచిన." అట్టను మిషన్ అంచుకు సరిగ్గా జరిపాడు. "ఇప్పుడు అదే నువ్వు ముంగట ఉండంగ, షూ ఇప్పి, అంత పెద్ద గదిల ఎట్ల నడవాలె?"

"ఇంట్ల నేను చూస్తలేనా? పన్నెండేండ్ల సంది?"

"ఇంట్ల గోడ ఉంటది."

నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో ఆయన ఒక్కసారీ గది మధ్యలోంచి నడవలేదన్న సంగతి పన్నెండేళ్లలో నేను గమనించనేలేదు. ఆ నల్లటి చారను చూసి ఓనరుతో కొట్లాడాను గానీ, దాన్నెప్పుడూ సరిగ్గా చూడలేదు.

"నేను అటు తిరిగి నిలబడ్త" అన్నాను చివరికి. "ఒట్టు. మీరు పిలిచేదాక ఇటు చూడ."

ఆయన ఇంకోసారి అట్టను చూశాడు. "అర్జీ టైపు చెయ్యి" అన్నాడు.

ఆ రాత మాత్రం ఎప్పటిలా రాలేదు. "గౌరవనీయులైన" అన్నంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఎవరి అర్జీలోనూ రాయని వాక్యం ఒకటి రాశాను: "నా భర్త ఆ రోజు బాగా నడిచిన మాట నిజమే, అది నేను కొనిచ్చిన షూ వల్ల." ఆయన చదివి, కొట్టేయమంటాడేమో అనుకున్నాను. అనలేదు. అట్టకు జిరాక్స్ తీసి జత చేశాడు. మిషన్ దాన్ని నమలకుండా మర్యాదగా బయటికిచ్చింది.

మంగళవారం వెళ్లాం. చొక్కా ఇస్త్రీదే, షూ పాలిష్‌దే. ఆ పిచ్చి మమ్మల్ని వదిలేది కాదు. బోర్డులో ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ అర్జీ మొత్తం చదివింది. అట్ట చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది.

"ఇది ఎవరు చేసిండ్రు?"

"నారాయణగూడల మొగిలయ్య అని, చెప్పులు కుడ్తడు మేడమ్" అన్నాను.

"మంచిగ కొలిచిండు" అంది. తర్వాత ఆయనతో, "షూ విప్పి, ఆ కిటికీ నుంచి ఇక్కడి దాక నడవండి" అంది.

పెద్ద హాలు. కిటికీకీ బల్లకూ మధ్య పట్టుకోవడానికి కుర్చీ కూడా లేదు. ఆయన షూ విప్పి నా చేతికిచ్చాడు. నా వైపు చూశాడు. నేను ఒట్టు ప్రకారం గోడ వైపు తిరిగాను. షూ ఇంకా వెచ్చగా ఉంది, గుండెకు పెట్టుకున్నాను.

వెనక అడుగులు వినబడుతున్నాయి. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. గట్టిగా, మెత్తగా. ఆరు దాకా లెక్కపెట్టాను. ఏడోది రాలేదు. అటెండరు కాబోలు, "పట్టుకోవాల్నా అన్నా" అన్నాడు. "వద్దు" అన్నాడు ఆయన. నేను కళ్లు మూసుకున్నాను. తిరగాలని ఒళ్లంతా కొట్టుకుంటోంది. తిరగలేదు.

"రేణుకా" అన్నాడు.

"ఆఁ."

"ఇటు చూడు. ఇటు రా."

తిరిగాను. హాలు మధ్యలో ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ముఖం మాత్రం తప్పు చేసి దొరికిపోయిన వాడిలా నవ్వుతోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. చెయ్యి నా భుజం మీద వేశాడు. అంత బరువుంటుందని నాకు తెలియదు. మిగిలిన నాలుగు అడుగులూ ఇద్దరం కలిసి నడిచాం.

డాక్టరమ్మ టేపు పెట్టి కాళ్లు రెండూ కొలిచింది. యాభై రెండు శాతం రాసింది. ఎడమ కాలు ఎంత పొట్టి అన్న చోట ఆవిడ వేసిన అంకెకూ మొగిలయ్య అంకెకూ ఒక్క గీత కూడా తేడా లేదు. మర్నాడు కిషన్ రావు గారు మా ఉత్తరం నకలు మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. క్యాంపు తర్వాత పింఛను ఆపేసిన నెలలవి కూడా కలిపి వస్తాయన్నాడు. వస్తే చూద్దాం. అట్ట మొగిలయ్యకు తిరిగిచ్చేశాను, మళ్లీ జత కుట్టించాలి కదా.

దసరాకు రాజకుమారి గారు ఇంటికి సున్నం వేయించింది. చార కనబడకుండా పోయింది. మళ్లీ ఎన్నాళ్లకు పడుతుందోనని ఆవిడ ప్రతి నెలా గోడ దగ్గరికి వెళ్లి మరీ చూస్తోంది. ఈసారి నెమ్మదిగా పడుతోంది. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆయన గోడ పట్టుకోవడం లేదు.